నాన్నకి వాసన తెలియని వేసవులు

మొన్న మే నెలలో విస్సన్నపేటలో పని చూసుకుని స్కూటీ మీద నూజివీడు తిరిగి వస్తుంటే, రోడ్డు మరమ్మతు జరుగుతున్న చోట ఒక ట్రాలీ ఆటో వెనక ఆగాల్సి వచ్చింది. ఆటో నిండా రసాల మామిడికాయలు. పైన కప్పిన వరిగడ్డి ఎండకి వేడెక్కి, దాని కింద మగ్గుతున్న కాయ వాసన, తొడిమల దగ్గర కారి ఎండిన సొన వాసన, పాత గోనెపట్టాల వాసన, అన్నీ కలిసి ఆ తారు పొగలోంచి కూడా వచ్చి ముఖానికి తగిలాయి. పక్క బండి మీద ఉన్నాయన గుండెల నిండా పీల్చి, "గడ్డిలో పండిన కాయ అండీ, ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుద్ది" అన్నాడు నా వంక చూసి. నేను తలాడించాను. ఆ వాసనకి అందరికీ నోరూరుతుంది. నాకు ముందు విసుగొస్తుంది, ఆ వెనకే కోపం వస్తుంది. ఎవరి మీద అంటే ఒక పేరు చెప్పలేను. అందుకే మా నాన్న గురించి చెప్పాలనుకుంటున్నాను.

మా ఊరు నూజివీడు నుంచి ఆగిరిపల్లి పోయే దారికి లోపలగా ఉంటుంది. మూడు వైపులా మామిడి తోటలు, ఒక వైపు వరిచేలు. తోటల్లో ఒక్క చెట్టు కూడా మాది కాదు, అయినా ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో, ఏ చెట్టు కాయ పుల్లగా ఉన్నప్పుడే బాగుంటుందో మా పేట పిల్లలందరికీ తెలుసు, ఎందుకంటే మా నాన్న సుందరరావు కోత మేస్త్రీ. తోట కౌలుకి తీసుకున్న షావుకారు కబురు పెడితే నాన్న తన జట్టుని, అంటే మగవాళ్ళూ ఆడవాళ్ళూ కలిసిన ఒక గుంపుని, పొద్దు పొడవక ముందే తోటకి తీసుకెళ్ళేవాడు. చివర వల సంచి కట్టిన గెడతో అందినంత వరకు కింద నుంచి కోసి, అందని కొమ్మలకి మగవాళ్ళు చెట్టెక్కేవాళ్ళు. ఆడవాళ్ళు కాయని నేలకి తగలనివ్వకుండా పట్టుకుని, సొన కారేదాకా బోర్లించి, మచ్చ ఉన్నవీ లేనివీ వేరు చేసి ట్రేల్లో సర్దేవాళ్ళు. మా అమ్మ ఆ జట్టులోనే పని చేసేది. పెళ్ళి కూడా అలాగే కుదిరిందని నాయనమ్మ మూతి విరుస్తూ చెప్పేది.

చలికాలం పొద్దున్నే పూత మీద మంచు కురిస్తే నాన్న ముఖం ముడుచుకునేవాడు, మంచు పూతని మాడ్చేస్తుంది కాబట్టి. క్రిస్మస్‌కి మా వసారాలో వెదురు పుల్లలతో కట్టిన కాగితం నక్షత్రం వేలాడుతూ ఉంటే, అరిసెల పాకం వాసన, పక్క తోట నుంచి వచ్చే మొదటి పూత వాసన ఒకదానితో ఒకటి పోటీ పడేవి. పిందె పడే రోజులకి చర్చిలో ఈస్టరు ముందు వచ్చే శ్రమదినాల కూడికలు మొదలయ్యేవి. గుడ్‌ఫ్రైడే నాటి పొడుగాటి ప్రసంగం వినలేక పిల్లలం పిందెల్ని ఉప్పూకారంలో అద్దుకుని చప్పుడు కాకుండా నములుతుంటే, పళ్ళు పులిసిపోయి మేం పెట్టే ముఖాలు చూసి, మగవాళ్ళ వైపు కూర్చున్న నాన్న పాటల పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వేవాడు. వానలు పడ్డాక పెంటకుప్పల మీద మొలకెత్తిన టెంకల్ని ఏరి తెచ్చి, లోపలి జీడిని రాయి మీద అరగదీసి బూరలు చేసి ఊదేవాళ్ళం. ఆ గోలకి నాయనమ్మ తిట్టేది, నాన్న మాత్రం తనకీ ఒకటి చేసిమ్మని అడిగేవాడు.

వానాకాలం కోతలుండవు. అమ్మ తెల్లారకుండానే నాట్లకి వెళ్ళిపోయేది. అప్పుడు నాకూ చెల్లికీ జడలు వేసి బడికి పంపడం నాన్న పని. ఆ పని చేసే మగాడు మా పేటలో ఇంకెవరూ లేరు. వసారా గట్టు మీద కూర్చుని, మోకాళ్ళ మధ్య నన్ను కూర్చోబెట్టుకుని, కొబ్బరినూనె చేతికి రాసుకుని, బుట్టకి అంచు కట్టినంత గట్టిగా అల్లేవాడు. సాయంత్రం బడి వదిలే వేళకి కూడా నా జడ చెక్కు చెదిరేది కాదు.

అయితే నాన్న గొప్పతనమంతా వేసవిలోనే బయటపడేది. దెబ్బ తగిలిందని షావుకారు వదిలేసిన కాయలు ఇంటికి తెచ్చి, వసారా పక్కనున్న చిన్న గదిలో వరిగడ్డి పరిచి మగ్గవేసేవాడు. పొద్దున్నే ఆ గది తలుపు కొద్దిగా తీసి, లోపలికి వెళ్ళకుండానే, ముక్కు ఎగబీల్చి, "చెరకు రసాలు వచ్చేశాయి, బంగినపల్లికి ఇంకో రెండ్రోజులు" అని చెప్పేవాడు. చీకట్లో చెయ్యి పెట్టి సరిగ్గా పండినవే తీసేవాడు. రసాన్ని అరచేతుల మధ్య మెత్తగా నలిపి, తొడిమ దగ్గర కొరికి, సొన ఊసేసి పిల్లల చేతికిచ్చేవాడు. మొదటి పండు మాకు ఇచ్చేవాడు కాదు. ఆ పూట వాకిట్లో ఉన్న పిల్లల్లో ఎవరు అందరికన్నా చిన్నవాళ్ళైతే వాళ్ళకి. దానికి నాకు ఒళ్ళు మండేది. "మన ఇంట్లో పండు కదా నాన్నా" అంటే, "మన ఇంట్లో ఉంటే నీకెలాగూ దొరుకుద్ది కదమ్మడూ" అనేవాడు.

నేను నాలుగో తరగతి అయిపోయి సెలవుల్లో ఉండగా, మే చివర ఒక సాయంత్రం పెద్ద గాలివాన వచ్చింది. తెల్లారేసరికి తోటల్లో కాయ సగం నేల మీద ఉంది. మిగిలింది మళ్ళీ వాన రాకముందే దింపాలని షావుకారు లారీని తోటలోకే పంపాడు. చెట్ల మానులు తడిసి పాచి పట్టినట్టున్నాయని, కాస్త ఎండ తగిలేదాకా ఎవరూ ఎక్కొద్దని నాన్న జట్టుకి చెప్పాడట. లారీ డ్రైవరు మాటిమాటికీ హారన్ కొడుతున్నాడట. చివరికి విసుగొచ్చి, ఇంకెవరినో ఎక్కించడం ఇష్టం లేక, నాన్న తనే ఎక్కాడు. కొమ్మ విరగలేదు, కాలు జారింది. తల వెనక భాగం ముందుగా నేలకి తగిలింది. నేను ఇంట్లో నాయనమ్మ పక్కన కూర్చుని రాలిన కాయల్ని తొక్కుపచ్చడికి చెక్కు తీస్తున్నాను. అమ్మకి తమ్ముడి వరసయ్యే కోటయ్య మావయ్య చెప్పుల్లేకుండా పరిగెత్తుకుంటూ వచ్చి, వాకిట్లో అలాగే నిలబడిపోయాడు.

విజయవాడ పెద్దాసుపత్రికి మమ్మల్ని తీసుకెళ్ళలేదు. బడులు తెరిచాక, ఒక ముసురు పట్టిన మధ్యాహ్నం నాన్న ఇంటికొచ్చాడు. గుండు మీద చెవి దగ్గర మొదలై పైకి వంపు తిరిగిన కుట్లు. నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు మాత్రం పాతదే. ప్రాణం దక్కిందని చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టారు. పులిహోర, కేసరి పంచారు. గండం గడిచిందని అందరూ అమ్మ చేతులు పట్టుకుని చెప్పి, ఆకులు తీసేసి వెళ్ళిపోయారు. గండం గడిచాక ఇంట్లో ఏం జరుగుతుందో మాకు ఎవరూ చెప్పలేదు, ఆసుపత్రి వాళ్ళతో సహా.

నాన్నకి మాటలు తారుమారయ్యాయి. దువ్వెన అడగాలనుకుని "తాళం, తాళం" అనేవాడు. అది తప్పని ఆయనకీ తెలిసేది. అందుకే పిడికిలితో తొడ మీద కొట్టుకునేవాడు. స్నానానికి తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరి, తరవాత ఏం చేయాలో తోచక నూతి దగ్గర అలాగే నిలబడిపోయేవాడు, ఎవరైనా "నీళ్ళు పోసుకో" అనేదాకా. కుక్కర్ విజిల్ వేస్తే చెవులు మూసుకుని ఏడ్చేవాడు. చిన్న పని చేసినా మూట మోసినట్టు అలసిపోయేవాడు. ఒక్కోసారి అకారణంగా కోపమొచ్చి చేతిలో ఉన్నది విసిరికొట్టి, కాసేపటికి దాన్ని తనే వెతికి తెచ్చి, చంటిపిల్లాడిలా మా ముఖాల్లోకి చూసేవాడు. వచ్చినవాళ్ళు మాత్రం ఆయన్ని ఎగాదిగా చూసి, "మనిషి పుష్టిగానే ఉన్నాడు కదే, ఒళ్ళు వంగట్లేదంతే" అని అమ్మతో చెప్పి పోయేవాళ్ళు. కాలు విరిగుంటే కట్టు చూసి జాలిపడేవాళ్ళు. తల లోపల విరిగినదానికి ఏ కట్టు ఉంటుంది, ఎవరికి చూపిస్తాం?

జడ వేయడం మాత్రం మానలేదు. పొద్దున్నే గట్టు మీద కూర్చుని మోకాళ్ళ మధ్య చోటు చూపించేవాడు. మూడు పాయలు తీసేవాడు, సగం దాకా అల్లేవాడు, అక్కడ ఏ పాయ మీద ఏది రావాలో పోగొట్టుకునేవాడు. విప్పేవాడు. మళ్ళీ నూనె, మళ్ళీ దువ్వెన, మళ్ళీ మూడు పాయలు. అవతల బడి గంట వినపడుతుండేది. నా మెడ నొప్పి పుట్టేది, ఏడుపొచ్చేది, కానీ వెనక ఆయన ఊపిరి బరువుగా వినపడుతుంటే లేవబుద్ధయ్యేది కాదు. ఆలస్యంగా వెళ్ళి బయట నిలబడితే టీచరు, "మీ నాన్నకి పనీపాటా లేదు, నీకు చదువు లేదా" అంది. ఆ మాట నేను ఇంట్లో చెప్పలేదు.

అన్నిటికన్నా తిండి దగ్గర నరకం. కంచంలో మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే నాన్న ఆగిపోయి, "ఇది కాదు" అనేవాడు. పప్పు పెడితే ఇది కాదు. చేపల పులుసు పెడితే ఇది కాదు. తనకి ప్రాణమైన గోంగూర మాంసం ఆదివారం పూట అమ్మ అప్పు చేసినంత పని చేసి వండి పెడితే, ఒక ముద్ద తిని, కంచం వంక చూస్తూ, "ఇది కాదు" అన్నాడు.

"ఏది కాదు? ఉప్పు కాదా, కారం కాదా? ఏది కాదో చెప్పయ్యా, అదే వండుతాను" అంది అమ్మ.

నాన్న నోరు తెరిచాడు, మాట దొరకలేదు. కంచం తోసేశాడు. అమ్మ గరిటె కింద పెట్టేసి పెరట్లో బట్టలుతికే రాయి మీద వెళ్ళి కూర్చుంది. "నా కొడుక్కి నోటికి రుచిగా పెట్టే దిక్కు లేకుండా పోయింది" అని నాయనమ్మ వీధిలోకి వినపడేలా అంది. రోజూ ఇదే. రోజూ మూడు పూటలా ఇదే.

సలహాలకి మాత్రం కొదవ లేదు. ఒకరు దిష్టి అన్నారు, ఒకరు గాలి సోకిందన్నారు. పాస్టరు గారు ఉపవాస ప్రార్థన పెట్టి, విశ్వాసం తక్కువైతే స్వస్థత ఆలస్యమవుతుందన్నారు. ఆ మాటకి అమ్మ తన విశ్వాసంలో ఎక్కడ లోటుందా అని వారం పాటు కుమిలిపోయింది. ముసునూరు అవతల ఒకాయన ముక్కులో పసరు పిండితే మెదడు చల్లబడుతుందని తెలిసినవాళ్ళు చెబితే, అక్కడికీ తీసుకెళ్ళారు. ఆ పసరు కంపుకి గుమ్మం బయట నిలబడ్డ నేనే ముక్కు మూసుకున్నాను. నాన్న కదలకుండా కూర్చున్నాడు. ముఖం కూడా చిట్లించలేదు. "చూశారా, ఎంత ఓర్పో" అన్నాడు పసరాయన. మేమూ అదే అనుకున్నాం. కళ్ళెదుట జరిగిన దాన్ని అంతమందిమి చూసి, ఒక్కరం కూడా అర్థం చేసుకోలేదు.

ఆ తరవాత కొన్నాళ్ళకి అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి, వాటిని చూస్తుండమని నాన్నకి చెప్పి మంచినీళ్ళకి వెళ్ళింది. నాన్న పొయ్యి పక్కనే పీట మీద కూర్చుని శ్రద్ధగా చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాడు. పాలు పొంగి, ఇగిరి, అడుగంటి, గిన్నె నల్లగా మాడింది. ఆ కమురు వాసన వీధి చివరికి కొడితే ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చారు. వాళ్ళు వచ్చేసరికి నాన్న ఇంకా చిక్కుడు ఈనెలే తీస్తున్నాడు. పొగ చూసి అప్పుడు ఉలిక్కిపడి లేచాడు. "మతి పూర్తిగా పోయింది, ఇంక ఇంట్లో ఒంటరిగా వదలకండి" అని తీర్మానించారు. ఆ రోజు నుంచి అగ్గిపెట్టె పైన అటక మీదికి వెళ్ళింది. నాన్న వంటింటి గుమ్మం దగ్గరికొస్తే నాయనమ్మ కాళ్ళు అడ్డం పెట్టేది.

మళ్ళీ వేసవి వచ్చింది. నాన్న స్థానంలో మేస్త్రీ అయిన కోటయ్య మావయ్య ఒక గంప దెబ్బకాయలు తెచ్చి మా గదిలో మగ్గవేసి వెళ్ళాడు. ఒక పొద్దున ఆ గదిలోంచి గోడకి ఏదో కొట్టుకుంటున్న చప్పుడు వినిపించి వెళ్ళాను. నాన్న గడ్డిలో కూర్చుని ఉన్నాడు. ఒక్కో పండూ తీసి ముక్కుకి గట్టిగా ఆనించుకుని, కళ్ళు మూసుకుని పీల్చి, గోడకేసి కొడుతున్నాడు. గది నిండా వాసన ఎంతుందంటే, నాకు గొంతులో తీపి తగులుతోంది. గోడ మీంచి రసం కారుతోంది.

"ఎందుకు నాన్నా పాడుచేస్తున్నావు?"

"దీంట్లో ఏం లేదమ్మడూ" అన్నాడు. ఆ మాట తడుముకోకుండా వచ్చింది. "దేంట్లోనూ ఏం లేదు."

నాకు ఎలా తోచిందో చెప్పలేను. వంటింట్లోకి వెళ్ళి ఇంగువ డబ్బా తెచ్చి ఆయన ముక్కు దగ్గర పెట్టాను. తల అడ్డంగా ఊపాడు. నాయనమ్మ ముక్కుపొడి డబ్బా పెట్టాను. తుమ్మాడు గానీ, ఏంటిదంటే తెలీదన్నాడు. కిరోసిన్ సీసా తెచ్చి, కళ్ళు మూసుకోమని మూత తీసి పెట్టాను.

"ఏంటిది నాన్నా?"

చాలాసేపు పీల్చాడు. "నీళ్ళు" అన్నాడు.

సీసా చేత్తో పట్టుకునే అమ్మ దగ్గరికి పరిగెత్తాను. అమ్మ వచ్చి తనూ పెట్టి చూసింది. కిరోసిన్, ఇంగువ, చివరికి జడలోంచి తీసిన మల్లెపూలు. తరవాత గుమ్మంలోనే కూలబడిపోయింది. "ఇన్నాళ్ళూ నా వంటనుకున్నానే" అంది. నాన్న ఆమె పక్కన కూర్చుని, ఎందుకు ఏడుస్తోందో పూర్తిగా తెలియకపోయినా, తన కండువాతో ఆమె ముఖం తుడిచాడు.

ఊళ్ళో చెబితే ఎవరూ నమ్మలేదు. "తలకి కదా దెబ్బ, ముక్కుకి తగల్లేదు కదా" అన్నారు. పిచ్చికి కొత్త పేరు పెడుతున్నామన్నారు. నాన్నని మళ్ళీ విజయవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి ఆ మాట డాక్టరుతో అన్నప్పుడు నేను అమ్మ పక్కనే ఉన్నాను. ఆయన తల కూడా ఎత్తకుండా, "అది మామూలేనమ్మా. తల వెనక గట్టిగా తగిలితే వాసన తెలిపే నరాలు తెగిపోతాయి. ఇంతకాలమైంది కాబట్టి ఇంక రాకపోవచ్చు. వాసన లేకపోతే రుచి కూడా సగం పైన పోతుంది. మీకెవరూ చెప్పలేదా?" అన్నాడు.

"లేదండి" అంది అమ్మ.

"పెద్ద శబ్దాల్లో ఉంచకండి. ఒకసారికి ఒక్క పనే చెప్పండి. అలసిపోతే పడుకోనివ్వండి. పొయ్యి దగ్గర జాగ్రత్త" అన్నాడు, మందులు రాస్తూ. అంతే. అంత చిన్న మాటలు. వచ్చేటప్పుడు బస్సులో అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆగిరిపల్లి దాటాక, "ఒక్క మాట. మొదటి రోజే ఒక్క మాట చెబితే వీళ్ళ సొమ్మేం పోయేది" అంది. నాన్న ఆమె భుజం మీద తల పెట్టి నిద్రపోతున్నాడు.

తరవాత అమ్మ వంటంతా మార్చింది. మెత్తనివి తగ్గించింది. వడియాలు, అప్పడాలు, కరకరలాడే బెండకాయ వేపుడు, మజ్జిగ మిరపకాయలు, నాలుక మీద సెగ తగిలేంత వేడి చారు. నాన్న మళ్ళీ రసాలు ముట్టుకోలేదు. కానీ కలెక్టర్ మామిడికాయని పచ్చిగా ముక్కలు కోసి ఉప్పూకారం చల్లి ఇస్తే, ఫెళఫెళ నమిలి, కళ్ళల్లో నీళ్ళు కారుతుంటే నవ్వేవాడు. "ఇది కాదు" అన్న మాట మా ఇంట్లో ఆగిపోయింది. నాయనమ్మ మాత్రం ఏమీ ఒప్పుకోలేదు, కానీ ఎండబెట్టిన వడియాల దగ్గర కాకుల్ని తోలుతూ తనే కాపలా కూర్చునేది.

ఇంటి సంగతి కుదుటపడ్డాక నాన్న తోటకి వెళ్తానని పట్టుబట్టాడు. అమ్మ తనతో తీసుకెళ్ళింది. చెట్టెక్కడం లేదు, గెడ పట్టడం లేదు. కాయలు వేరు చేసే పని. మెల్లగా చేసేవాడు గానీ శుభ్రంగా చేసేవాడు. ఒకరోజు కాయ ఎత్తడానికి వచ్చిన లారీ డ్రైవరు, బండిని ఆయన వెనకే నిలబెట్టి, త్వరగా కానివ్వమని హారన్ మీద చెయ్యి తీయకుండా కొట్టాడు. నాన్న చెవులు మూసుకున్నాడు, అరిచాడు, చివరికి లేచి ట్రే ఎత్తి లారీకేసి కొట్టి, దిగిన డ్రైవరుని నెట్టేశాడు. నలుగురు వచ్చి ఆయన చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. "పిచ్చోణ్ణి తోటలోకి ఎందుకు రానిస్తారయ్యా" అని షావుకారు మనిషి కేకలేశాడు. సెలవులు కాబట్టి నేనూ అక్కడే ఉన్నాను. ఒకప్పుడు ఆయన మాట మీద నడిచిన జట్టు, ఆయన చేతులు పట్టుకుని ఉంది.

కోటయ్య మావయ్య అమ్మ దగ్గరికి వచ్చి తల వంచుకుని, "అక్కా, రేపట్నించి బావని తీసుకురాకు. నా మేస్త్రీతనం పోద్ది" అన్నాడు.

అమ్మ గొంతు పెంచలేదు. "ఆ హారన్ ఆపమని ఎవరన్నా ఒక్కరు చెప్పారా కోటయ్యా? అందరూ వచ్చి ఆయన చేతులే పట్టుకున్నారు. ఆ లారీవోడి చెయ్యి పట్టుకున్నోళ్ళు లేరు. ఈయన పడ్డ రోజున కూడా అదే హారన్ కదా" అంది.

మావయ్య లారీ వైపు వెళ్ళాడు. మర్నాటి నుంచి లారీని రోడ్డు మీదే ఆపించాడు. తోట చివర, కంచె దగ్గర గుబురుగా ఉన్న పెద్ద రసం చెట్టు కింద నాన్నకి గోనెపట్టా వేయించాడు. ఆడవాళ్ళు గంపలు అక్కడికే తెచ్చి పోసేవాళ్ళు. అంతే, మళ్ళీ గొడవ రాలేదు. అంత తేలికైన పనికి ఒక మనిషి చేతులు విరిచిపట్టేదాకా రావాల్సి వచ్చిందా అని నాకు ఇప్పటికీ మంట.

ఆ చెట్టు కింద చల్లగా, నిశ్శబ్దంగా ఉండేది. జట్టులో పసిబిడ్డల తల్లులు మెల్లగా తమ చీర ఉయ్యాలలు అక్కడికి మార్చారు. నాన్న కుడిచేత్తో కాయలు వేరు చేస్తూ ఎడమచేత్తో ఉయ్యాల తాడు లాగుతుండేవాడు. బిడ్డ ఏడిస్తే తల్లి పేరు గుర్తొచ్చేది కాదు. లేచి, బిడ్డని ఎత్తుకుని, చెట్టు చెట్టుకీ తిరిగి తల్లిని వెతికి ఇచ్చి వచ్చేవాడు. ఒక్క బిడ్డ కూడా ఆయన చేతిలో కింద పడలేదు. కోపం మాత్రం బతికినంత కాలం ఉంది. రేడియో పగలగొట్టాడు, నా పదో తరగతి పరీక్షల ముందు నా పుస్తకాలు తీసుకెళ్ళి నూతి గట్టు మీద సర్ది వానలో వదిలేశాడు. ఆయన్ని దేవుణ్ణి చేసి చెప్పాలని నాకు లేదు. కానీ పగలంతా బిడ్డల్ని ఆయనకి అప్పగించిన వాళ్ళే సాయంత్రం ఊళ్ళోకొచ్చాక "పిచ్చి సుందరం" అనేవాళ్ళు. వాళ్ళకి అందులో తప్పేమీ కనపడేది కాదు.

నాన్న పోయి ఇప్పటికి మూడేళ్ళు. నా పెళ్ళి చూశాడు, చెల్లి పెళ్ళి చూశాడు, మా పిల్లల్ని ఎత్తుకున్నాడు. జ్వరంతో నాలుగు రోజులు మంచం పట్టి, ఇబ్బంది పెట్టకుండా పోయాడు. నాయనమ్మ అంతకు ముందే పోయింది. ఆ తోటలు కూడా సగం లేవు; ఆగిరిపల్లి వైపు తోటకి తోట నరికి, ప్లాట్లు చేసి, తెల్లరాళ్ళు పాతారు. కాయ ఇప్పుడు గదుల్లో గ్యాసు పెట్టి పండిస్తారు. బూరలు ఊదే పిల్లలు లేరు. అరగదీయడానికి టెంకలు ఎవరూ వాకిట్లో పారేయడం లేదు.

ఈ జూన్‌లో జ్ఞాపకార్థ కూడిక మా ఇంట్లోనే పెట్టుకున్నాం. షామియానా కింద ఊరి పెద్దలు వరసగా లేచి మాట్లాడారు. సుందరరావు లాంటి మేస్త్రీ మళ్ళీ రాడన్నారు. ఎంత మంచివాడో, ఎందరికి పని చూపించాడో చెప్పారు. ప్రతి ఒక్కరూ అదే చోట ఆగిపోయారు. "ఆ ప్రమాదం జరగకముందు" అని మొదలుపెట్టి, ప్రమాదం దగ్గరికి రాగానే నిట్టూర్చి కూర్చున్నారు. ఒకాయనైతే, "నిజానికి ఆయన ఆ రోజే పోయాడమ్మా, తరవాత ఉన్నది ఒట్టి శరీరం" అన్నాడు. అందరూ తలలూపారు. చెట్టు మీంచి పడకముందు మనిషిని నేను చూసింది ఏపాటి? నాకు గుర్తున్న నాన్నలో ఎక్కువ భాగం, పాయ మీద పాయ మర్చిపోయి మళ్ళీ విప్పి మొదలుపెట్టిన ఆ మనిషే. ఏదో అనబోయి చూస్తే, వెనక వరసలో ఆడవాళ్ళ మధ్య కూర్చున్న అమ్మ లేచి నిలబడి ఉంది. అమ్మ ఎప్పుడూ కూడికల్లో నోరు విప్పి ఎరగదు. కొంగు భుజం నిండా కప్పుకుని, పెద్దల వైపు చూసి మామూలు గొంతుతో అంది:

"తరవాత కూడా మంచోడేనండి."

కూర్చుంది. కోటయ్య మావయ్య ఒక్కడే తల వంచుకుని కళ్ళు తుడుచుకున్నాడు. పాస్టరు గారు పుస్తకం తిరగేసి చివరి ప్రార్థనకి అందరినీ లేవమన్నారు.